గుండిగాడి ఆవులింతలు

షాపు మేడ మీది వంటగది,
సోమవారం.

పొట్టీ,

నీ కుక్క బతికే ఉంది. ఇది ముందే చెప్పకపోతే కవరు మీద నా రాత చూడగానే నీకు గుండె ఆగిపోతుందని తెలుసు. ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటా అనుకుంటావేమో. ఫోన్ కింద షాపులో, మీ అన్నయ్య బట్టలు కత్తిరించే బల్ల మీద ఉంటుంది కదా. అక్కడ నేనేం మాట్లాడినా మీ అన్నయ్యకీ, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకీ, వాళ్ళ వెంట ఊరికే వచ్చినవాళ్ళకీ అందరికీ వినపడుతుంది. పైగా మీ హాస్టల్ వార్డెన్ నిన్ను పిలుచుకొచ్చేలోపు నేనొక ప్యాంటుకి అంచు కుట్టేయొచ్చు.

సంగతేమిటంటే, గుండిగాడు మునుపటిలా లేడు. నువ్వు వదిలి వెళ్ళిన కొత్తలో రెండు రోజులు గుమ్మం దగ్గర పడుకున్నాడు, తర్వాత మీ అన్నయ్య బల్ల కింద చేరి హాయిగా ఉన్నాడు. గుడ్డముక్కల కుప్ప మీద పడుకుని నిద్రలో తోక ఊపేవాడు. ఇప్పుడేమో పొద్దున లేచింది మొదలు ఆవులింతలే. నిద్ర చాలడం లేదేమో అని పడుకోబెడితే పడుకోడు. నేను మాట్లాడితే ఆవులింత, మీ అన్నయ్య మాట్లాడితే ఆవులింత. మా మాటలంటే వీడికింత విసుగా అని మొదట్లో నవ్వుకున్నాను కూడా. కానీ ఇప్పుడు ముందుకాలు ఒకటే పనిగా నాక్కుంటున్నాడు. వెంట్రుకలు పోయి చర్మం ఎర్రబడింది. ఎండ లేదు, పరుగు లేదు, అయినా నాలుక బయటపెట్టి రొప్పుతుంటాడు. ఇక రాలే వెంట్రుకల సంగతి అడగకు. నల్ల కోటు కుట్టి తగిలిస్తే సాయంత్రానికి అది గోధుమరంగు కోటు.

పురుగేమైనా పట్టిందేమో అని వాడి పక్కబట్టలన్నీ ఫినాయిల్ వేసి ఉతికాను. ఉతికిన ప్రతిసారీ వాడు ఆ పక్క చుట్టూ తిరిగి తిరిగి చివరికి నేల మీదే పడుకుంటాడు. నా ఉతుకుడు నచ్చని ప్రాణి ఈ ఇంట్లో ఇంకొకటి చేరింది.

ఇంకో సంగతి. మన హెడ్మిస్ట్రెస్ గారు కోటు కొలతలకి వచ్చి, బల్ల కింద ఉన్నవాడిని ముద్దుచేయబోతే గుర్రుమన్నాడు. పాతికేళ్ళుగా మన షాపుకి వచ్చే మనిషి! నాకు తల కొట్టేసినట్టయింది. చీపురు చూపించి గట్టిగా కేకలేశాను. ఆ తర్వాత ఎవరి మీదా గుర్రుమనలేదు, ఆ మాత్రం భయం ఉంది.

నువ్వు అక్కడ నేర్చుకునేది ఇదే కదా. ఏం మందు వేయమంటావో రాయి. మీ అన్నయ్య బాగానే ఉన్నారు. పని బాగానే ఉంది.

నీ వదిన


జంతువుల ఆసుపత్రి,
నర్సుల హాస్టల్.

వదినా,

"నీ కుక్క బతికే ఉంది" అని ఉత్తరం మొదలుపెట్టే మనిషివి నువ్వొక్కదానివే ఉంటావు. గదిలో అందరికీ చదివి వినిపించాను. ఇక్కడ పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కుక్కల్ని చూసుకుంటాం, హాస్టల్లో మాత్రం కుక్కలు ఉండకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు. అది రాయించినాయన్ని ఒకసారి చూడాలని ఉంది.

మందు సంగతి తర్వాత. ముందు వాడిని మీ దగ్గరున్న పశువుల డాక్టరుకి చూపించు. కాలు నొప్పో, చెవిలో పుండో, కడుపులో బాధో ఉన్నా కుక్క ఇలాగే ఉంటుంది. అవేమీ లేవని తేలాకే మిగతా మాట.

ఏమీ లేదని తేలితే మాత్రం, వదినా, వాడు దేనికో గాభరా పడుతున్నాడు. ఆవులింత నిద్రకే కాదు. మనం పెద్దవాళ్ళ ముందు ఏం చెప్పాలో తెలియక గొంతు సవరించుకుంటామే, అలాంటిదే వాడి ఆవులింత. తినేదేమీ లేకపోయినా మూతి నాక్కుంటున్నాడా చూడు. ఒళ్ళు తడవకపోయినా తడిసినట్టు విదిలించుకుంటున్నాడా, మనిషి దగ్గరికొస్తే ముఖం పక్కకి తిప్పేసి కంటి చివర తెల్లగుడ్డు కనపడేలా చూస్తున్నాడా. కాలు నాక్కోవడమూ, రొప్పడమూ, వెంట్రుకలు రాలడమూ అన్నీ ఈ తానులో ముక్కలే. మా పెద్ద డాక్టరమ్మ ఒకటే మాట అంటారు: కుక్క మొదట మెల్లగా చెప్తుంది, మనకి వినపడకపోతే గట్టిగా చెప్తుంది.

ఆ గట్టిగా చెప్పడమే గుర్రుమనడం. దానికి నువ్వు కేకలేయకుండా ఉండాల్సింది. నీ మీద తప్పు వేయడం లేదు, అందరూ చేసే పనే. కానీ "నన్ను వదిలెయ్యండి" అని చెప్పడానికి వాడికి ఉన్న మాట అదొక్కటే. అది కూడా వద్దన్నామంటే ఈసారి చెప్పకుండానే కరుస్తాడు. ఇకనుంచి గుర్రుమంటే మనిషిని పక్కకి జరుపు, వాడిని కాదు.

వాడికంటూ ఒక మూల చూడు, వెనక గోడ ఉండేలా, ఎవరూ చెయ్యి పెట్టకుండా. తిండి, నడక రోజూ ఒకే వేళకి. నడకకి తీసుకెళ్ళినప్పుడు లాక్కుపోకు, వాడు ఒక్క స్తంభాన్ని ఎంతసేపు వాసన చూసినా చూడనీ. మనకి పేపరు చదవడం ఎలాగో వాడికి అదలాగ. ఇక పక్కబట్టలు మాటిమాటికీ ఉతకకు తల్లీ. వాడి వాసన వాడికి ధైర్యం. ఫినాయిల్ వాసనలో వాడికి తన ఇల్లెక్కడుందో తెలియడం లేదు.

వాడి పాత బూడిదరంగు దుప్పటి ఉంటే బాగుండునని అంటావేమో. అది పొరపాటున నా పెట్టెలో వచ్చేసింది. ఇక్కడ చలిగా ఉంది, ప్రస్తుతం నేనే కప్పుకుంటున్నాను.

ఒక్కటి అడగాలి. ఇంట్లో ఈ మధ్య కొత్తగా ఏం మారింది? కొత్త మిషనా, కొత్త మనిషా, కొత్త చప్పుడా? కొత్తలో బాగున్నవాడు ఊరికే ఇలా కాడు.

నీ పొట్టి మరదలు


షాపు మేడ మీద,
శనివారం సాయంత్రం.

పొట్టీ,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. చేయలేదని మాత్రం అనకు.

డాక్టరుకి చూపించాను. చెవులు, పళ్ళు, కీళ్ళు అన్నీ చూసి, రక్తం కూడా తీసి, ఏ జబ్బూ లేదన్నాడు. కాలికి పూయడానికి మందు ఇచ్చాడు. గుడ్డల తానులు పెట్టే బీరువాకీ గోడకీ మధ్య వాడికి మూల చేశాను. మీ అన్నయ్య అట్ట మీద "ఇక్కడ చేతులు పెట్టరాదు" అని రాసి తగిలించారు. కొలతలకి వచ్చిన ఒకాయన అది తనకేమో అనుకుని చేతులు జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. పక్కబట్టలు ఉతకడం మానేశాను. ఎంత కష్టంగా ఉందో నీకు తెలియదు. నడకలో మాత్రం నీ కుక్క మొదటి వీధి చివర ఉన్న పోస్టుడబ్బా దాటడు. నేనక్కడ నిలబడి వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ ఉంటాను. అందరూ ఎవరికో ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నాననుకుంటున్నారు.

కాస్త తగ్గింది. బయట ఉన్నంతసేపూ బాగుంటాడు, తోక పైకి లేస్తుంది. మూలలో పడుకుంటాడు కూడా. కానీ మేమిద్దరం షాపులో ఉన్నామంటే మళ్ళీ మామూలే. ఇంట్లో ఏం మారిందని అడిగావు. ఏమీ మారలేదు. అవే మిషన్లు, అవే కత్తెరలు, అదే నేను, అదే మీ అన్నయ్య.

ఇప్పుడు అసలు సంగతి. రాయడానికి చెయ్యి రావడం లేదు.

హెడ్మిస్ట్రెస్ గారు కోటు వేసుకు చూడటానికి వచ్చారు. అద్దం ముందు నిలబడ్డారు. మీ అన్నయ్య నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆవిడ వెనక కూర్చున్నారు. నేను మిషను మీద ఉన్నాను. మీ అన్నయ్య, "గుండీ, చేతులు తగ్గించమన్న ఇంకో కోటు ఎక్కడ పెట్టారో కనుక్కో" అన్నారు. వాడు లేచి నా దగ్గరికొచ్చాడు. నేను, "గుండీ, ఎదురుగానే తగిలించి ఉంది, కళ్ళు తెరిచి చూసుకోమను" అన్నాను. వాడు మళ్ళీ అటు వెళ్ళాడు. "గుండీ, ఇది తగ్గించినట్టు లేదే?" అని అటునుంచి. "గుండీ, మొన్న తగ్గించిందే, మళ్ళీ ఎవరు విప్పారో వాళ్ళనే అడుగు" అని ఇటునుంచి. హెడ్మిస్ట్రెస్ గారు నవ్వి, "పాపం, ఈ షాపులో అందరికంటే తీరిక లేనివాడు వీడే" అంటూ వాడి తల నిమరబోయారు. వాడు అప్పటికే మూతి నాక్కుంటున్నాడు, ముఖం తిప్పుకున్నాడు. నువ్వు రాసిన తెల్లగుడ్డు కూడా నాకు కనపడింది. ఆగమని చెప్పేలోపే ఆవిడ చెయ్యి ముందుకెళ్ళింది, వాడు పట్టేశాడు. ముందు గుర్రుమని కూడా అనలేదు. అనకుండా చేసింది నేనేగా.

పళ్ళు చేతికి దిగలేదు, కోటు చేతిని పట్టుకుని చింపాడు. ఆవిడ మంచావిడ కాబట్టి నీళ్ళు తాగి, "కొత్త చెయ్యి వేయండి" అని వెళ్ళిపోయారు. నేను కోపంలో గుండిగాడిని నాలుగు తిట్టాను. తర్వాత బీరువా దగ్గర కూర్చుని ఏడ్చాను. వాడు వచ్చి నా పాదం మీద గడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున చూస్తే వీధి చివరి పాలాయన షాపులోకి వచ్చి, మీ అన్నయ్యతో గుసగుసలాడి, గుండిగాడి మెడని తాడుతో కొలుచుకుని వెళ్ళాడు. నెలాఖరుకి గొలుసు, పట్టీ తయారవుతాయట. తన పశువుల దొడ్లో కట్టేసుకుంటాడట. మీ అన్నయ్య నిర్ణయించేశారు. నన్నొక మాట అడిగింది లేదు. నీ కుక్క, నువ్వు అప్పగించిన కుక్క, దొడ్లో గొలుసుకి కట్టి ఉంటే రేపు నీకు ముఖం ఎలా చూపించాలి? అంతకంటే, షాపులో వాడు లేకపోతే నాకు ఎలా ఉంటుందో మీ అన్నయ్యకి పట్టదు.

ఏమైనా చేయగలవా?

వదిన


టైలరింగ్ షాపు,
ఆదివారం.

పొట్టీ,

నాకు ఉత్తరాలు రాయడం రాదని నీకు తెలుసు. కొలతలైతే రాస్తాను. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు.

గుండిగాడు హెడ్మిస్ట్రెస్ గారి కోటు చింపిన సంగతి వదిన రాసే ఉంటుంది. ఆ రోజు వదిన వాడితో, "ఇలాగైతే నిన్ను పాలాయన దొడ్లో గొలుసేసి కట్టేయిస్తాను, అప్పుడు బుద్ధొస్తుంది" అంది. నేను బల్ల దగ్గరే ఉన్నాను. నాకు వినపడాలనే అంది. అంటే తను నిర్ణయించుకుంది. కాదనడానికి నాకు ముఖం లేదు. అందుకే పాలాయనతో మాట్లాడాను. వాడు బల్ల కింద లేకపోతే నేను బట్ట కత్తిరించలేను. ఇది నీకు చెప్పాను కాబట్టి మర్చిపో.

ముఖం ఎందుకు లేదో కూడా చెప్తాను. వదినకి దగ్గరి చూపు తగ్గింది. సూది బెజ్జం కోసం తడుముకుంటోంది. అంచు కుట్లు గీత తప్పుతున్నాయి. చెయ్యి మాత్రం ఎప్పటి చెయ్యే, అంత చక్కటి చెయ్యి ఈ వీధిలో లేదు. ఆ మాట చెప్తే చిన్నబుచ్చుకుంటుందని, తను పైకి వెళ్ళాక నేనే విప్పి మళ్ళీ కుట్టేవాడిని. ఒకసారి అది కళ్ళారా చూసిన హెడ్మిస్ట్రెస్ గారు నా ఓపికని పొగుడుతూ వదిన ముందే ఆ సంగతి అనేశారు. ఆ రోజు నుంచి వదిన నాతో మాట్లాడటం లేదు. చెప్పాల్సింది గుండిగాడికి చెప్తుంది. నేనూ వాడికే చెప్తున్నాను. అలా రోజులు గడుస్తున్నాయి.

వాడిని పంపొద్దని వదినకి నువ్వొక మాట రాయి. నేను రాయమన్నట్టు తెలియనివ్వకు.

అన్నయ్య


హాస్టల్,
బుధవారం.

వదినకీ, అన్నయ్యకీ, ఇద్దరికీ కలిపి,

ఈ ఉత్తరం పక్కపక్కన కూర్చుని చదవండి. కూర్చోలేకపోతే నిలబడి చదవండి. ఒకరు చదివి ఇంకొకరికి గుండిగాడి ద్వారా కబురు పంపితే మాత్రం ఒప్పుకోను.

మీ ఇద్దరి ఉత్తరాలూ నా మంచం మీద ఉన్నాయి. ఇద్దరూ ఒక్క విషయమే రాశారు, ఒక్క విషయమే అడిగారు, ఒకరికి తెలియకుండా ఒకరు. అందులో ఏముందో నేను చెప్పను. నేను ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసుకొచ్చే ఇంకో గుండిగాడిని కాను. ఒక కుక్కని ఇలా పాడుచేసింది చాలు.

వదినా, ఇంట్లో ఏం మారిందంటే ఏమీ మారలేదన్నావు. తర్వాత అదే ఉత్తరంలో, అద్దం ముందు కోటు గొడవలో, మీరిద్దరూ ఆ కాసేపట్లో ఎన్నిసార్లు వాడి పేరు పిలిచారో నువ్వే రాశావు. కుక్కకి తన పేరు వినపడిందంటే తనకేదో చెప్తున్నారని అర్థం. వాడు లేస్తాడు, వస్తాడు, మొహంలోకి చూస్తాడు. గొంతులో కోపం ఉంటుంది. ఏం చేయమంటున్నారో తెలియదు. ఏదో తప్పు చేశాననుకుంటాడు. అంతలో అటునుంచి మళ్ళీ పేరు, మళ్ళీ కోపం. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఇదే ఉద్యోగం. మనిషైతే ఎప్పుడో రాజీనామా చేసేవాడు. వాడు ఆవులిస్తున్నాడు, కాలు నాక్కుంటున్నాడు.

బయట బాగుంటున్నాడని కూడా నువ్వే రాశావు. బయట మీలో ఒక్కరే ఉంటారు కాబట్టి.

మా డాక్టరమ్మని అడిగాను, మీ పేర్లు చెప్పలేదులే. ఆవిడ నవ్వలేదు. ఇలాంటి ఇళ్ళు చాలా చూశానన్నారు. వైద్యం ఇదీ: గుండిగాడితో వాడి పనికి సంబంధించిన మాటలే మాట్లాడాలి. రా, పద, తిను, మంచివాడివి. అవి కూడా మెత్తటి గొంతుతో. ఇంకే మాటైనా సరే, టీ కావాలన్నా, తాళంచెవి కనపడకపోయినా, కత్తెర ఎవరు తీశారో తెలియాలన్నా, ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పాలి. చెప్పడం ఇష్టం లేకపోతే నోరు మూసుకోవాలి. మౌనం కుక్కకి ఏ హానీ చేయదు.

ఇక పాలాయన దొడ్డి. గాభరా పడే కుక్కని గొలుసుకి కట్టేస్తే ఏమవుతుందో ఇక్కడ రోజూ చూస్తున్నాను. నెలాఖరుకి వాడిని అక్కడికి పంపేటట్టయితే ముందు నాకు తెలియజేయండి. ట్రైనింగ్ మానేసి వచ్చేస్తాను. బెదిరింపు కాదు. పెట్టె సగం సర్దే ఉంది. ఈ చదువంటే నాకు చాలా ఇష్టం, ఇంత ఇష్టమైన పని ఇంతవరకూ చేయలేదు. అయినా వస్తాను.

పొట్టి


షాపు కింద, కత్తిరించే బల్ల మీద,
నెలాఖరు తర్వాతి ఆదివారం.

పొట్టీ,

పెట్టె విప్పెయ్. ట్రైనింగూ మానక్కర్లేదు, రైలూ ఎక్కక్కర్లేదు.

ముందు తిట్లు. నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండింది. నిన్న మొన్నటిదాకా నేను జడ వేసిన పిల్లవి, నాకు సంసారం నేర్పుతావా అనుకున్నాను. మీ అన్నయ్య చదివి, మడతపెట్టి, నా మిషను మీద పెట్టేసి వెళ్ళారు. ఆ రోజు నుంచి ఇద్దరం నోరెత్తలేదు. నాకు టీ కావాలి, ఆయనకి సుద్దముక్క కావాలి, ఎవరూ అడగలేదు. ఆయన సబ్బుబిళ్ళతో గీతలు గీసుకున్నారు. అలవాటుకొద్దీ "గుం" దాకా వచ్చి నాలుక కరుచుకున్నాను. బల్ల అవతల కూడా అదే "గుం" వినపడింది. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు, పంతం కదా.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ నోరెత్తని రోజుల్లో గుండిగాడు మొదట అయోమయంగా ఇటూ అటూ చూశాడు. ఎవరూ పిలవలేదు. కాసేపటికి బీరువా మూలకి వెళ్ళి పడుకున్నాడు. తర్వాత రోజుకి ఆవులింతలు తగ్గాయి. వారం గడిచేసరికి కాలు జోలికి పోవడం మానేశాడు. నువ్వు చెప్పింది నిజమేనని అప్పుడు నాకు సిగ్గేసింది. నా బిడ్డలాంటివాడి నెత్తిన నా కోపం మొత్తం మోయించానే అని.

నెలాఖరుకి పాలాయన రానే వచ్చాడు. చేతిలో కొత్త గొలుసు. "ఏమ్మా, కుక్కని ఇస్తారా?" అన్నాడు. గొలుసు చప్పుడుకి గుండిగాడు చెవులు వెనక్కి పెట్టి బీరువా వెనక్కి దూరాడు. ఎవరైనా ఏదో ఒకటి అనాలి. నేను మీ అన్నయ్య వైపు చూశాను, ఆయన నా వైపు చూశారు. చెప్పిపెట్టడానికి మధ్యలో ఎవరూ లేరు.

మీ అన్నయ్యే ముందు అన్నారు. "పంపెయ్యాలనే ఉందా నీకు?"

ఎన్నాళ్ళ తర్వాతో ఆ "నీకు" నా కోసం వచ్చింది. "నాకా? పంపాలని నేనెప్పుడన్నాను?"

"నువ్వే కదా గుండిగాడితో అన్నావు, దొడ్లో కట్టేయిస్తానని."

"గుండిగాడితో అన్నాను. మీతో అన్నానా?"

పాలాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీరు తేల్చుకున్నాక కబురు చేయండి, నాకు పాలు పితికే వేళయింది" అని గొలుసు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అతను వీధి మలుపు తిరిగాక పడ్డాం పొట్టీ, అసలైన పోట్లాట. ఇన్నాళ్ళదీ వడ్డీతో సహా. నా కుట్లు నా వెనకాల ఎందుకు విప్పారన్నాను. చెప్తే కుట్టడం మానేస్తావని భయపడ్డానన్నారు. వెనకాల విప్పితే మానెయ్యనా అన్నాను. నా చెయ్యి పోయిందని ఊరంతా చెప్పుకునేలా చేశారన్నాను. "నీ చెయ్యి పోలేదు, నీ కళ్ళు తగ్గాయి" అన్నారు. అబద్ధమన్నాను. సూదీ దారం నా చేతిలో పెట్టి కిటికీ దగ్గరికి రమ్మన్నారు. ఎక్కించలేకపోయాను. తడిచేసి, మెలిపెట్టి ఎంత ప్రయత్నించినా ఎక్కలేదు. ఏడుపు ఆగలేదు. ఆయన నా చేతిలోంచి సూది తీసుకుని దారం ఎక్కించి మళ్ళీ నా చేతిలోనే పెట్టారు. "ఇకనుంచి కుట్టు నీది, దారం నాది" అన్నారు. తర్వాత మళ్ళీ కాసేపు పోట్లాడుకున్నాం. కళ్ళ డాక్టరు దగ్గరికి ఆ రోజే వెళ్ళాలని ఆయన, మర్నాడు చాలని నేను.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, గుండిగాడు ఏమైపోయాడో అని. ఇంత అరుచుకున్నాం, పిల్లవాడు హడలిపోయి ఉంటాడని బీరువా వెనక్కి తొంగిచూశాను. కాళ్ళు చాపుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని, గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. మీ అన్నయ్యని కూడా పిలిచి చూపించాను. మేమిద్దరం ఆ మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఎంతసేపు చూశామో. ఆ పోట్లాటలో వాడి పేరు ఒక్కసారి కూడా రాలేదు.

కళ్ళద్దాలు వచ్చాయి. పెట్టుకుని మొదట నేను చూసింది ఈ మధ్య కుట్టిన అంచులు. అయ్యో అనిపించింది. పరవాలేదు, విప్పాల్సినవే. ఆ మాట మీ అన్నయ్యతో నేరుగానే అన్నాను. అనడానికి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది.

హెడ్మిస్ట్రెస్ గారు కోటు కోసం వచ్చారు. గుండిగాడు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "ఇవాళ వద్దంటున్నాడండీ" అని నేను ముందే చెప్పాను. ఆవిడ సరేనని కుర్చీలో కూర్చుని పేపరు తిరగేశారు. చాలాసేపటికి వాడే లేచి వెళ్ళి ఆవిడ చెప్పులు వాసన చూసి వచ్చాడు. పోస్టుడబ్బా తర్వాత అంత శ్రద్ధగా చదివింది ఆవిడ చెప్పుల్నే.

ఇంకొక్కటి. మీ అన్నయ్య నిన్న నన్ను పక్కకి పిలిచి, "పొట్టికి ట్రైనింగ్ అయ్యాక..." అని మొదలుపెట్టి, ఆగి, "నువ్వే రాయవా" అన్నారు. నేను రాయను, మీకేం కావాలో మీరే అడగండి అన్నాను. కాగితం ఇచ్చేస్తున్నాను. కింద జాగా వదిలాను.

వదిన

పొట్టీ, వాడిని మా దగ్గరే ఉంచుకోనిస్తావా? అన్నయ్య.


హాస్టల్,
గురువారం.

అన్నయ్యా,

నీ ఒక్క వాక్యం చదివి మెట్ల మీదే కూర్చుండిపోయాను. ట్రైనింగ్ అయిపోగానే వాడిని తెచ్చుకోవాలని, ఊరి చివర కుక్కల్ని ఒప్పుకునే గది కూడా చూసి పెట్టుకున్నాను. వాడి కోసం కిటికీ కింద జాగా ఉందా అని కొలిచాను కూడా. కాదనాలని చాలా అనిపించింది. రెండు రోజులు జవాబు రాయలేదు అందుకే.

ఆ గదిలో నేను పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తాను. నీ బల్ల కింద వాడికి రోజంతా ఇద్దరు మనుషులు. ఇప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఇద్దరు.

ఉంచుకో. అడిగావు కాబట్టి ఇస్తున్నాను. ఏడుస్తూనే ఇస్తున్నాను, అది కూడా నేరుగానే చెప్తున్నాను. సెలవుల్లో వస్తాను. నన్ను చూసి ఆవులిస్తే మాత్రం ఊరుకోను.

వదినా, నీకొక పార్సెల్ పంపుతున్నాను. అందులో వాడి బూడిదరంగు దుప్పటి ఉంది. పెట్టెలో పొరపాటున ఏమీ రాలేదు, ఇక్కడ అంత చలీ లేదు. వాడి మూలలో పరిచెయ్. వెంట్రుకలు ఉంటాయి, వాసన వస్తుంది, కొంత వాడిది, కొంత నాది.

ఉతకొద్దు.

పొట్టి